రాని నిద్ర, మేలుకున్న కవి: తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' ఖండికలో జాగరణ స్వరూపం

సంక్షిప్తి

నిద్ర మనిషి సంకల్పానికి లొంగదు. కోరినప్పుడు రాని ఆ నిద్ర కలిగించే నిస్పృహ తెలుగు భాషలోనూ సాహిత్యంలోనూ ఏయే రూపాల్లో వ్యక్తమయిందో గుర్తించి, ఆ నేపథ్యంలో దేవరకొండ బాలగంగాధర తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' ఖండికను పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భారతంలోని ధృతరాష్ట్రుడు, అశ్వత్థామ, స్త్రీల రామాయణపు పాటల్లోని లక్ష్మణుడు, ఊర్మిళ ఇందుకు పోలికలుగా స్వీకరించబడ్డారు. ఆ ఖండిక నిద్రలేమిని జయించిన కవిత కాదనీ, దాని వేదనను మరొక చోటికి తరలించిన కవిత అనీ, 'ఆర్తగీతం'తో కలిపి చదివినప్పుడే దాని నైతికస్వరూపం పూర్తిగా తెలుస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తిలక్, జాగరణ, నిద్ర, సంకల్పం, స్త్రీల రామాయణపు పాటలు, ఆర్తగీతం, తణుకు.

1. ఉపోద్ఘాతం

మనిషి తలచుకొంటే ఉపవాసం ఉండగలడు, మౌనం పాటించగలడు, కొంతసేపు ఊపిరి కూడా బిగబట్టగలడు. నిద్రను మాత్రం తలచుకొని తెచ్చుకోలేడు. పడుకోవడం మన చేతిలోని పని; నిద్ర పట్టడం మన చేతిలో లేదు. పైగా ప్రయత్నం పెరిగినకొద్దీ ఫలితం దూరమవుతుంది. తక్కిన పనుల్లో శ్రద్ధ గుణమైతే, ఇక్కడ అదే దోషం. ఈ వైపరీత్యం వైద్యులకూ మనస్తత్త్వశాస్త్రజ్ఞులకూ ఎంత ముఖ్యమో సాహిత్యవిద్యార్థికీ అంతే ముఖ్యం. ఎందుకంటే లోకమంతా నిద్రిస్తున్నప్పుడు ఒక్కడు మేలుకొని ఉండడం కథకూ కవితకూ అతి ప్రాచీనమైన ప్రారంభస్థానం.

ఆధునిక తెలుగు కవిత్వంలో ఈ సన్నివేశానికి అందరికీ తెలిసిన ఉదాహరణ తిలక్ రచించిన 'అమృతం కురిసిన రాత్రి'. తిలక్ 1921 ఆగస్టు 1న తణుకు సమీపంలోని మండపాకలో జన్మించారు. జీవితంలో అధికభాగం తణుకులోనే గడిపి, నలభై అయిదేళ్ళు నిండకుండానే 1966 జూలైలో మరణించారు. ఆ ఖండిక పేరుతోనే ఆయన వచనకవితాసంపుటి 1968లో వెలువడి, 1970 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ఈ ఖండికను సౌందర్యదృష్టికీ, భావకవిత్వపు కొనసాగింపుకూ, కవి ఆత్మవిశ్వాసానికీ ఉదాహరణగా చెప్పడం పరిపాటి. ఆ చర్చల్లో ఒక చిన్న ప్రశ్న మరుగున పడిపోతోంది: ఆ రాత్రి కవి ఎందుకు నిద్రపోలేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

2. తెలుగు వాక్యంలో నిద్ర

నిద్ర విషయంలో మన భాష చెప్పే సాక్ష్యాన్ని ముందుగా గమనించాలి. 'నాకు నిద్ర వస్తోంది', 'నాకు నిద్ర పట్టలేదు' అనే వాక్యాల్లో మనిషి కర్త కాడు. నిద్రే కర్త; మనిషి 'కు' విభక్తితో పక్కన నిలబడతాడు. 'పట్టు' అనే క్రియ మరింత ఆసక్తికరం. దయ్యం పడుతుంది, తుప్పు పడుతుంది, చెమట పడుతుంది, నిద్రా పడుతుంది. ఇవన్నీ మనిషి మీదికో వస్తువు మీదికో వచ్చేవే గాని పిలిపించుకొనేవి కావు. కునుకు కంటి మీదికి వస్తుంది. నిద్ర ముంచుకొస్తుంది, ఎగిరిపోతుంది.

'నేను నిద్రపోయాను' అన్నప్పుడు మనిషి కర్తృస్థానంలో ఉన్నమాట నిజమే. కాని అది జరిగిపోయినదాని నివేదిక. 'నిద్రపో' అని తల్లి బిడ్డను ఆదేశించినా, బిడ్డ పాటించగలిగేది కళ్ళు మూసుకోవడం వరకే. ప్రేరణార్థకరూపం 'నిద్రపుచ్చు' ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. ఒకరు మరొకరిని నిద్రపుచ్చగలరు. కాని 'నన్ను నేను నిద్రపుచ్చుకొన్నాను' అనే వాక్యం వ్యాకరణబద్ధమే అయినా తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. జోలపాట ఎప్పుడూ ఇతరుల కోసమే ఉండడంలో ఉన్న మర్మం ఇదే.

సంకల్పార్థంలో నిద్రను వాడే ప్రయోగం ఒకటి లేకపోలేదు. యాత్రికులు క్షేత్రంలో ఒక రాత్రి 'నిద్ర చేస్తారు'. కొత్త దంపతులు అత్తవారింట 'మూడు నిద్రలు' చేస్తారు. అయితే అక్కడ లెక్కకు వచ్చేది ఆ రాత్రి ఆ చోట గడపడమే. కన్ను మూతపడిందా లేదా అన్నది ఎవరూ అడగరు. అంటే మన చేతనైన 'నిద్ర చేయడా'న్నీ మన చేతకాని 'నిద్ర పట్టడా'న్నీ భాష వేరుచేసి పెట్టింది.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత ఈ సందర్భంలో స్మరణీయం. నిద్ర వచ్చినవాడికి పరుపు అక్కరలేదన్నది దాని బాహ్యార్థం. తిరగవేస్తే, పరుపున్నంత మాత్రాన నిద్ర రాదన్న అర్థం కూడా అందులో ఉంది. ఈ రెండర్థాలూ తిలక్ రెండు కవితల్లో విడివిడిగా కనిపిస్తాయని ముందు చూస్తాం.

నిద్రాశాస్త్రం కూడా దాదాపు ఈ అవగాహనకే వచ్చింది. మేలుకొని ఉన్నంతసేపూ శరీరంలో పెరుగుతూ పోయే నిద్రావసరమూ, రాత్రింబవళ్ళను అనుసరించే అంతర్గత గడియారమూ కలిసి నిద్రను నిర్ణయిస్తాయని అలెగ్జాండర్ బోర్బెయి 1982లో ప్రతిపాదించాడు. ఆ రెంటిలో సంకల్పానికి చోటు లేదు. నిద్రపోవాలన్న ప్రయత్నమే నిద్రకు అడ్డు తగులుతుందని గుర్తించిన విక్టర్ ఫ్రాంకల్, మేలుకొని ఉండడానికి ప్రయత్నించమని రోగికి చెప్పే విపరీతోపాయాన్ని సూచించాడు. నిద్ర రానప్పుడు పక్క మీద దొర్లక లేచి వెళ్ళిపోవాలన్న పద్ధతిని రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించాడు. తిలక్ ఖండికలోని నాయకుడు చేసేదీ అదే: తలుపు తీసుకొని వెళ్ళిపోవడం.

3. మేలుకున్న ముగ్గురు

తిలక్ కన్నా ముందున్న జాగరణచిత్రాల్లో మూడింటిని ఇక్కడ పోలికకు తీసుకొంటున్నాను.

3.1 ధృతరాష్ట్రుడు: ఉద్యోగపర్వంలో పాండవుల వద్దనుండి తిరిగివచ్చిన సంజయుడు రాజును నిందించి, వారి సందేశాన్ని మరునాడు సభలో చెబుతానని వెళ్ళిపోతాడు. ఆ రాత్రి ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపిస్తాడు. విదురనీతిగా ప్రసిద్ధమైన ప్రసంగమంతా ఆ నిద్ర లేని రాత్రి ఫలమే. సంస్కృతభారతంలో ఆ ఉపపర్వం పేరే ప్రజాగరం. తిక్కన తెలుగుచేసిన పర్వాల్లో ఇదీ ఉంది. మూలంలో విదురుడు నిద్ర పట్టనివారిని లెక్కిస్తాడు: బలవంతుడి దాడికి గురైన దుర్బలుడు, సాధనాలు లేనివాడు, సొమ్ము పోగొట్టుకొన్నవాడు, కాముకుడు, దొంగ. ఆ వెంటనే, పరుల సొమ్ముకు ఆశపడి తపించడం లేదు కదా అని రాజునే అడుగుతాడు. రాజుకు కావలసింది నిద్ర. విదురుడు ఇచ్చింది నిద్ర రాకపోవడానికి కారణం. ఇక్కడ నిద్రలేమి నేరానికి లక్షణం. పాండవుల రాజ్యభాగం ఇవ్వడమే చికిత్స అని తెలిసీ ఆ పని చేయలేని రోగి ధృతరాష్ట్రుడు.

3.2 అశ్వత్థామ: సౌప్తికపర్వంలో మర్రిచెట్టు కింద కృపుడూ కృతవర్మా అలసి నిద్రిస్తారు. అశ్వత్థామకు మాత్రం కోపం వల్ల కన్ను మూతపడదు. కొమ్మల్లో నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి, నిద్రిస్తున్న శిబిరం మీద పడాలన్న ఆలోచన అతనికి తోస్తుంది. అందరూ నిద్రలో ఉండడం, ఒక్కడే మేలుకొని ఉండడం, ఆ ఒక్కడికే రాత్రి ఒక దృశ్యాన్ని చూపడం, అతడు లేచి వెళ్ళడం అనే సన్నివేశక్రమం తిలక్ ఖండికలోనూ ఇదే. ఒకచోట దాని పర్యవసానం ఊచకోత, మరొకచోట అమృతవర్షం. జాగరణకు స్వతహాగా పవిత్రత లేదనీ, మేలుకున్నవాడు దానితో ఏం చేశాడన్నదే దాని విలువ అనీ ఈ పోలిక తెలుపుతుంది.

3.3 లక్ష్మణుడు, ఊర్మిళ: స్త్రీల రామాయణపు పాటల్లో నిద్రకు స్త్రీరూపం ఉంది. వనవాసం పధ్నాలుగేళ్ళూ లక్ష్మణుడు నిద్రాదేవిని దూరంగా ఉంచితే, అయోధ్యలో ఊర్మిళ అంతకాలమూ నిద్రలోనే ఉంటుంది. 'లక్ష్మణదేవర నవ్వు' పాటలో గడువు తీరి, నిండుసభలో నిద్రాదేవి తన కంటికి కనిపించగానే లక్ష్మణుడు ఫక్కున నవ్వుతాడు. ఆమె ఇతరులకు కనిపించదు. సభలోని ప్రతి ఒక్కరూ ఆ నవ్వు తన లోపాన్ని చూసి నవ్విన నవ్వేనని కుంగిపోతారు. సంజాయిషీ విన్న తరువాతే రాముడు పశ్చాత్తాపపడి తమ్ముడి నిద్రకు ఏర్పాటు చేయిస్తాడు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో మేల్కొన్న ఊర్మిళ భర్తను గుర్తుపట్టక, పరపురుషుడేమోనని భయపడుతుంది.

ఈ పాటలు రెండు సూక్ష్మాలు చెబుతాయి. మొదటిది, ఒకరి మెలకువకు మరొకరి నిద్ర మూల్యం. లక్ష్మణుడి ధర్మం ఊర్మిళ యౌవనంలోంచి చెల్లింపబడింది. రెండవది, మేలుకున్నవాడికి కనిపించేది తక్కినవారికి కనిపించదు. అతని నవ్వును సభ అపార్థం చేసుకొంటుంది. నిద్రతో గడువు పెట్టుకోగలిగిన లక్ష్మణుడు కూడా అది వచ్చే వేళను మాత్రం తన వీలు ప్రకారం ఎంచుకోలేకపోయాడు. పట్టాభిషేకసభలోనే అది ఎదురుపడింది. సంకల్పానికి ఉన్న హద్దును ఇంత హాస్యంతో చెప్పిన మరొక రచన మన మౌఖికసాహిత్యంలో అరుదు.

4. ఖండికలోని మౌనం

ఇప్పుడు తిలక్ ఖండికకు వద్దాం. దాని నడక సరళం. ఊరంతా నిద్రలో ఉండగా ఒక్కడు ఇల్లు విడిచి, కొండలూ కోనలూ దాటి, వెన్నెల పరచుకొన్న బయలులో నిలబడతాడు. ఆకాశంలో అప్సరసలు అతన్ని చూసి తమలో తాము చెప్పుకొంటారు. అమృతం కురుస్తుంది. అతడు దోసిళ్ళతో తాగి, దుఃఖాన్నీ మృత్యువునూ సాగనంపి తిరిగివస్తాడు. చివరకు కవిత మళ్ళీ నిద్రితుల వద్దకు వస్తుంది. వారు దైనందినజీవితంతో అలసినవారు, అలవాటులో కూరుకుపోయినవారు. అమృతం కురిసిన సంగతి వారికి తెలియదు, ఇతడు అమరుడైన సంగతీ తెలియదు.

గమనింపవలసిన మొదటి అంశం కారణం చెప్పకపోవడం. తనకు నిద్ర పట్టలేదని కవి చెప్పడు; మేలుకొని ఉండాలని నిశ్చయించుకొన్నానని కూడా చెప్పడు. నిద్రితుల ప్రస్తావన తరువాత కవిత నేరుగా తలుపు తెరవడం దగ్గరికి దూకుతుంది. ఆ రెంటి మధ్య పక్క మీద గడిచిన గంటలు ఉండే ఉండాలి. కవిత వాటిని తొలగించింది. ఆ తొలగింపు వల్ల అశక్తత స్థానంలో సంకల్పం నిలిచింది. 'నాకు నిద్ర రాలేదు' అనే వాక్యంలో 'కు' విభక్తితో పక్కన నిలబడవలసినవాడు ప్రథమావిభక్తిలోకి, కర్తృస్థానంలోకి వచ్చాడు. రెండవ విభాగంలో చెప్పిన వ్యాకరణాన్ని ఈ ఖండిక నిశ్శబ్దంగా తలకిందులు చేసింది. దాని ఉత్సాహానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

కవి అనారోగ్యంతో ముడిపెట్టి ఈ జాగరణను జీవితచరిత్రగా చదవడం సులువు. కాని ఖండికలో దానికి ఆధారం లేదు. ఆధారం లేకుండా చేయడమే కవి పని అనిపిస్తుంది. కారణం తెలిస్తే అది ఒకరి నిద్రలేమి అయ్యేది. తెలియదు కనుకనే పాఠకుడెవరైనా ఆ తలుపు తీసుకొని వెళ్ళగలుగుతున్నాడు.

రెండవ అంశం స్థలం. తణుకు గోస్తనీతీరంలో, గోదావరి డెల్టాలోని చదునునేల మీద ఉన్న పట్టణం. చుట్టూ వరిచేలు, కాలువలు, చెరకుతోటలు. ఇంటి తలుపు తీసుకొని బయలుదేరినవాడికి దాటవలసిన కొండ అక్కడ లేదు. కథల్లో తిలక్ ఈ ప్రాంతపు భూగోళాన్ని పేరు పెట్టి చూపిన రచయిత. 'నల్లజర్ల రోడ్డు' అన్న శీర్షికే చాలు. ఈ ఖండికలో మాత్రం ఊరి పేరు లేదు, నది పేరు లేదు, లేని కొండ ఉంది. అంటే తలుపు ఒక్కటే ఊరికి చెందినది. దాని అవతల ఉన్నది కావ్యభూమి. నిద్ర ఇవ్వవలసిన స్వప్నాన్ని నిద్ర లేకుండానే సంపాదించుకొన్నవాడి ప్రయాణం ఇది. నిద్రపోయినవారికి కల కూడా దక్కలేదు, మేలుకొన్నవాడికి కల దక్కిందన్న వైపరీత్యం మీద ఖండిక నిర్మాణం ఆధారపడింది.

మూడవ అంశం ముగింపు. జైత్రయాత్రగా సాగిన కవిత జయఘోషతో ముగియదు. తన అమరత్వం ఎవరికీ తెలియదన్న మాటతో, నిద్రితుల మీద జాలితో ముగుస్తుంది. ఆ జాలి వెనుక ఒంటరితనం స్పష్టం. నిద్ర పట్టనివాడి అసలు బాధ కేవలం అలసట కాదు; తన మెలకువకు సాక్షి లేకపోవడం. పక్కనే ఒకరు గాఢంగా నిద్రిస్తుంటే ఆ బాధ రెట్టింపవుతుంది. ఖండిక నిద్ర రాలేదన్న వేదనను మొదట్లోనే తుడిచివేసి, సాక్షి లేడన్న వేదనగా చివర్లో తిరిగి తెచ్చింది. నిస్పృహ నశించలేదు, స్థానం మారింది. లక్ష్మణుడికి నవ్వుకు కారణం చెప్పుకోవడానికి సభ ఉంది. తిలక్ నాయకుడికి సభ లేదు. ఖండికే అతని సంజాయిషీ.

5. మురుగుకాలువ పక్కన నిద్ర

ఈ ఖండిక మీద న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉంది. అలసి నిద్రించేవారి మీద మేలుకున్నవాడు జాలి చూపడం ఏమి న్యాయం? పగలంతా చాకిరీ చేసినవాడికి నిద్ర అలవాటు కాదు, హక్కు. పైగా మెలకువ అందరికీ వెన్నెల విహారం కాదు. 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపనతో తణుకు పంచదార పరిశ్రమకు కేంద్రమయింది. కోసిన చెరకు నిలవ ఉంటే తీపి తగ్గుతుంది గనుక, గానుగాడే కాలంలో అటువంటి కర్మాగారాలు రేయింబవళ్ళు నడవవలసిందే. నేటి కొల్లేటి ప్రాంతానికి వస్తే, చేపల చెరువుల్లో ప్రాణవాయువు తెల్లవారుజామునే అత్యల్పస్థాయికి దిగుతుంది కనుక కాపలా మనిషి సరిగ్గా గాఢనిద్ర వేళకే కళ్ళు తెరిచి ఉండాలి. రాత్రిపాళీ ముగించినవాడు పట్టపగలు వెలుతురులో పడుకొని, రాని నిద్రతో పెనుగులాడతాడు. వీరి మెలకువలో అప్సరసలు లేరు. వీరిని ఖండికలోని నిద్రితుల్లోనూ చేర్చలేం, మేలుకున్న కవి పక్కనా నిలపలేం.

ఆక్షేపణ బలమైనదే. అయితే దానికి సమాధానం తిలక్ కవిత్వంలోనే, 'ఆర్తగీతం'లో ఉంది. తన దేశాన్ని కీర్తించమన్న ఆదేశాన్ని పాటించలేనంటూ ఆ కవిత మొదలవుతుంది. నిద్ర ఆజ్ఞకు రానట్లే పాట కూడా ఆజ్ఞకు రాదు. ఎందుకు రాదో చెప్పడానికి కవి తాను కళ్ళారా చూసినవాటిని వరుసగా ముందుంచుతాడు. ఆకలితో చెట్టు కింద మరణించిన ముసలివాడు, జోరువానలో వంతెన కింద ప్రసవించిన తల్లి. వారితో పాటు, నా అన్నవారు లేక, తిండి లేక ఏడ్చి ఏడ్చి మురుగుకాలువ పక్కనే నిద్రపోయిన మూడేళ్ళ బిడ్డ.

నిద్ర సుఖమెరుగదన్న సామెతకు ఇంతకన్నా క్రూరమైన ఉదాహరణ లేదు. ఆ బిడ్డకు జోలపాట లేదు, పక్క లేదు, నిద్రపుచ్చేవారు లేరు. అయినా నిద్ర పట్టింది. 'అమృతం కురిసిన రాత్రి'లోని నిద్ర అలవాటుకు చిహ్నమైతే, ఇక్కడి నిద్ర సమాజం మీద అభియోగం. ఒకచోట నిద్రితులు చూడవలసింది చూడలేదు. ఇక్కడ నిద్రితుడే చూడవలసిన దృశ్యం. మొదటి కవితలో కవి కళ్ళు ఆకాశం వైపు ఉన్నాయి, రెండవదానిలో కాలువగట్టు వైపు. స్త్రీల పాటలోని లెక్కను ఇక్కడ వర్తింపజేస్తే, మేలుకున్నవాడు నిద్రించినవారికి ఋణపడి ఉంటాడు. 'అమృతం కురిసిన రాత్రి' ఆ ఋణాన్ని ప్రస్తావించదు. 'ఆర్తగీతం' దాన్ని ఒప్పుకొంటుంది, తీర్చలేక బాధపడుతుంది. విదురుడి ప్రశ్న కూడా ఈ రెండవ కవితకే వర్తిస్తుంది: పరుల సొత్తు మన దగ్గర ఏదైనా ఉండిపోవడం వల్ల నిద్ర రావడం లేదా?

ఒక కవిని భావుకుడనీ అభ్యుదయవాది అనీ రెండు గదుల్లో పెట్టే అలవాటు వల్ల ఈ రెండు ఖండికలూ వేర్వేరు అధ్యాయాల్లో చర్చకు వస్తున్నాయి. నిద్ర అనే సూత్రం పట్టుకొంటే అవి ఒకే రాత్రికి చెందిన రెండు దృశ్యాలు. తలుపు తీసుకొని వెళ్ళినవాడికి మొదట వెన్నెల కనిపించింది, తరువాత కాలువ పక్కనున్న బిడ్డ కనిపించాడు. మొదటి దృశ్యం మాత్రమే చూసి తిరిగివచ్చిన తిలక్‌ను మనం ఎక్కువగా స్మరించుకొంటున్నాం. అది ఆయనకు జరుగుతున్న చిన్న అన్యాయం.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

అ) నిద్ర సంకల్పాతీతమన్న అనుభవం తెలుగు వాక్యనిర్మాణంలోనే నిక్షిప్తమై ఉంది. 'నిద్ర చేయు', 'నిద్ర పట్టు' అనే ప్రయోగభేదం దీనికి ప్రబలమైన నిదర్శనం.

ఆ) భారతంలోని జాగరణ నేరాన్నీ క్రోధాన్నీ సూచిస్తే, స్త్రీల పాటల్లోని జాగరణ ఋణాన్ని సూచిస్తుంది. 'అమృతం కురిసిన రాత్రి' జాగరణను వరంగా మార్చింది. కారణాన్ని దాచి, అశక్తతను సంకల్పంగా చూపడం ఆ మార్పుకు సాధనం.

ఇ) ఆ వరం సంపూర్ణం కాదు. సాక్షి లేని ఒంటరితనం రూపంలో నిద్రలేమి వేదన ఖండిక ముగింపులో తిరిగి వస్తుంది.

ఈ) ఆ ఖండికకు 'ఆర్తగీతం' నైతికమైన పూరకం. రెంటినీ జంటగా బోధించడం, చర్చించడం అవసరం.

తిలక్ కథల్లోని రాత్రులను, ముఖ్యంగా 'నల్లజర్ల రోడ్డు', 'ఊరి చివరి ఇల్లు' కథలను ఈ దృష్టితో పరిశీలించడానికి అవకాశం ఉంది. అలాగే రాత్రిపాళీల్లో, చెరువుగట్ల మీద మేలుకొని ఉండేవారు తమ రాత్రిని గురించి తాము చెప్పుకొన్న మాటలను సేకరించడం జానపద పరిశోధకుల ముందున్న పని. మేలుకున్న కవి మాట మనకు దక్కింది. మేలుకోక తప్పనివారి మాట ఇంకా దక్కవలసి ఉంది.